నాపరాళ్ల గనిలో తిమింగలమా?

ప్రశ్న: మాది కడప జిల్లా యర్రగుంట్ల దగ్గర పల్లె. హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఇప్పుడు మా ఇంట్లో రెండు వెన్నుపూసలు ఉన్నాయి. ఒకటి ఈ ఎండాకాలం మా చిన్నాయన నాపరాళ్ల గనిలో దొరికింది. బండల మధ్య పగులులో ఎర్రమట్టి తోడుతుంటే బయటపడింది. పిడికిలి కన్నా కొంచెం పెద్దది. ఒక కొన గుండుగా, ఇంకో కొన గుంటగా ఉంది. రెండు పక్కలా పెన్సిలు దూరేంత రంధ్రాలున్నాయి. రెండోది మా అబ్బ తెచ్చింది. ఆయన లారీ తోలుతూ గుజరాత్‌లోని కచ్‌లో, పానంధ్రో లిగ్నైట్ గనుల దగ్గర కొన్నేళ్లు ఉన్నాడు. గుజరాతీ పేపర్లో చుట్టి తెచ్చిన ఆ రాయిని మా జేజి ఊరగాయ జాడీ మీద బరువుగా పెట్టుకుంది. గనిలో దొరికింది తిమింగలం వెన్నుపూస అని ఒకాయన చెప్పి లక్ష రూపాయలిస్తానంటున్నాడు. మన ప్రాంతం ఒకప్పుడు సముద్రమని నేనే పిల్లలకు చెప్తాను కాబట్టి నిజమేనేమో అనిపిస్తోంది. ఎలా తేల్చుకోవాలి? రెండింటి ఫోటోలూ పంపుతున్నాను.

జవాబు:

అమ్మా, మీ ఇంట్లో తిమింగలమంటూ ఉంటే అది ఊరగాయ జాడీ మీద ఉంది. గనిలో దొరికింది మాత్రం కాదు. ఆ లక్ష రూపాయలాయనకు ఈ సంగతి చెప్పకుండా ఒక వారం ఆగండి. చెప్తే మాట మార్చి జాడీ వైపు చూస్తాడు.

ముందు సముద్రం సంగతి. పిల్లలకు మీరు చెప్పేది నిజమే. మీ గనిలోని నాపరాయి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. వేంపల్లె వైపు వెళ్తే రాళ్లలో ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు పొరలుగా గుమ్మటాలు కనిపిస్తాయి. అవి స్ట్రొమాటొలైట్లు, కంటికి కనిపించని జీవులు పొర మీద పొర కట్టుకుంటూ పోయిన గుర్తులు. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు లెక్కగడితే సుమారు 188 కోట్ల ఏళ్లు వచ్చింది. మీ నాపరాయి దానికన్నా చిన్నదే కానీ అదీ ఎముకలున్న జంతువులు పుట్టకముందుదే. వెన్నెముక ఉన్న ప్రాణి భూమ్మీద కనిపించి 50 కోట్ల ఏళ్లు దాటి ఎంతో కాలేదు. తిమింగలాలు వచ్చి 5 కోట్ల ఏళ్లు. అంటే మన కడప సముద్రం, తిమింగలం ఒకదాన్నొకటి చూసుకోనే లేదు. తాతముత్తాతలు కట్టిన మిద్దెలో మొన్న కొన్న సెల్‌ఫోను దొరికితే ఆ ఫోను తాతలది అనం కదా, ఇదీ అంతే.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట. "బండల మధ్య పగులులో ఉన్న ఎర్రమట్టి." ఎముక బండలో లేదు, బండ పగులులోని మట్టిలో ఉంది. బండ వయసు వేరు, ఆ మట్టి వయసు వేరు. సున్నపురాయిని వాన నీళ్లు కరిగించి గవులు (గుహలు), పగుళ్లు చేస్తాయి. పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి అందులో నిండుతుంది. గవిలో కాపురమున్న జంతువులవీ, హైనాలు ఈడ్చుకొచ్చినవీ, కాలుజారి పడినవీ, అన్నిటి ఎముకలూ ఆ మట్టిలోనే చేరతాయి. బేతంచర్ల దగ్గరి బిళ్లసర్గం గవుల కథ ఇదే. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే అక్కడ ఎముకలున్నాయని రాశాడు. 1884, 85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి తవ్వించారు. ఆ ఎముకల్ని 1886లో శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ వివరించాడు. అందులో గుర్రం ఉంది, నీల్‌గాయ్ ఉంది, హైనా ఉంది. ఒక ఖడ్గమృగానికైతే మన కర్నూలు పేరే పెట్టి రైనోసరస్ కర్నూలియెన్సిస్ అన్నాడు. మన గవుల్లో ఖడ్గమృగమంటే నాకు తిమింగలం కన్నా పెద్ద వింత. కానీ లక్ష రూపాయలిచ్చేవాళ్లు ఎప్పుడూ తిమింగలాన్నే అడుగుతారు, ఎందుకో.

ఇక ఎముక దగ్గరకొద్దాం. వెన్నుపూసలో నడుమ ఉండే లావుపాటి ముక్కను దిమ్మ అనుకుందాం. దాని మీద వెన్నుపాము పోయే సొరంగం, ఆ సొరంగం మీద నిలబడే ముల్లు, రెండు పక్కలా రెక్కలు. నేలలో దొరికినవాటికి ముల్లు, రెక్కలు విరిగిపోయి చాలాసార్లు దిమ్మ ఒక్కటే మిగులుతుంది. ఏ జంతువుదో చెప్పాలంటే మొదట చూడాల్సింది దిమ్మ రెండు కొనలు. ఇది నేర్చుకోవడానికి మ్యూజియం అక్కర్లేదు, వంటిల్లు చాలు.

చేప కూర తిన్నాక కంచంలో మిగిలే పూసను చూడండి. రెండు కొనలా గుంటే, డమరుకంలా ఉంటుంది. సొరచేప పూస కూడా రెండు వైపులా గుంటే, కానీ బిళ్లలా పలచగా ఉండి వలయాలు వలయాలుగా గీతలుంటాయి. పాము, మొసలి పూసలు ముందు గుంట, వెనక గుండు. ఒకదాని గుండు ఇంకోదాని గుంటలో కూర్చుని గొలుసులా తిరుగుతాయి. ఇప్పుడు పొట్టేలు మెడముక్క తీసుకోండి. అక్కడా గుండు, గుంట ఉన్నాయి కానీ తిరగబడ్డాయి, ముందు గుండు, వెనక గుంట. ఆవు, గుర్రం మెడలూ అంతే. అదే పొట్టేలు నడుము దగ్గరి పూసలు చూస్తే రెండు కొనలూ దాదాపు చదును.

లేత మాంసం కుక్కర్లో బాగా ఉడికితే ఇంకొకటి కనిపిస్తుంది. ఆ దిమ్మ కొన నుంచి రూపాయి బిళ్లలాంటి పలచటి ఎముక ముక్క ఊడి పులుసులో పడుతుంది. పిల్లలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తారు. దాదాపు అన్ని పాలిచ్చే జంతువుల పూసలకూ రెండు కొనలా ఇలాంటి బిళ్లలుంటాయి. పెరిగే వయసులో దిమ్మకూ బిళ్లకూ మధ్య మృదులాస్థి ఉంటుంది, ఎదిగాక రెండూ అతుక్కుపోతాయి. బిళ్ల ఊడిన చోట దిమ్మ నున్నగా ఉండదు, నడుమ నుంచి అంచులకు గీతలు గీతలుగా గరుకుగా ఉంటుంది. చేపకు, పాముకు, మొసలికి ఈ బిళ్లలు ఉండవు. దొరికిన పూసకు బిళ్ల కనిపించినా, ఊడిన గుర్తు కనిపించినా అది పాలిచ్చే జంతువుదని ధైర్యంగా చెప్పొచ్చు.

మీ గని ఎముక గుండు, గుంట, పక్కల్లో రంధ్రాలు. ఆ రంధ్రాల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని పోతుంది, అవి మెడపూసకు గుర్తు. మీ నాలుగో ఫోటోలో గుండు వైపు నుంచి తీశారు చూడండి, ముల్లు పొట్టిగా, రెక్కలు వెడల్పుగా ఉన్నాయి. ఇది ఆవు జాతిదో, నీల్‌గాయ్‌దో మెడపూస. గుర్రానిదైతే ఇంకా పొడుగ్గా, కింద గట్టు తేలి ఉండేది. తిమింగలం మెడ ఇలా ఉండనే ఉండదు. మనకున్నట్టే దానికీ మెడలో ఏడు పూసలే, కానీ నీళ్లలో మెడ తిప్పే పని లేక అవి దోసెల దొంతరలా పలచబడ్డాయి. కొన్ని జాతుల్లో ఏడూ ఒకటే ముద్దగా అతుక్కుపోతాయి.

అది నిన్నమొన్నటి ఎద్దుదా, బిళ్లసర్గం కాలం నాటిదా అన్నది వేరే ప్రశ్న. ఎముక విరిగిన చోట భూతద్దం పెట్టి చూడండి. ఇడ్లీ తుంచితే కనిపించే గదుల్లాంటివి కనిపిస్తాయి. ఆ గదులు ఖాళీగా ఉండి ఎముక తేలిగ్గా ఉంటే కొత్తది అయ్యే వీలు ఎక్కువ. గదుల్లో తెల్లగా మెరిసే సున్నపు పలుకులు నిండి, చేతికి రాయిలా బరువు తగిలితే పాతది. ఎవరైనా సూది కాల్చి గుచ్చమంటారు, వెంట్రుక కాలిన వాసనొస్తే కొత్తదని. ఆ పని చేయకండి, పాతదైతే పాడవుతుంది. బాత్రూమ్ యాసిడ్, నిమ్మరసం అసలే వద్దు. సున్నం ఎక్కడున్నా పొంగుతుంది, దానివల్ల తెలిసేదేమీ లేదు, ఎముక మాత్రం కరుగుతుంది.

ఎముకా రాయా అన్న దగ్గర పెద్దవాళ్లూ బోల్తా పడతారు. కాలేజీలో చేరిన కొత్తలో బెలుం దగ్గర గుండ్రటి బిళ్ల ఒకటి ఏరుకొచ్చాను. నడుమ రంధ్రం, చుట్టూ వలయాలు. సొరచేప పూస అని క్లాసంతా తిప్పి చూపించాను. ఆ ఊరివాడైన మా అటెండరు దాన్ని చూసి, "సార్, ఇది గవి కప్పుకు వేలాడే రాయి, విరిగిన ముక్క. మా పిల్లోళ్లు దీంతో తొక్కుడుబిళ్ల ఆడతారు" అన్నాడు. చుక్క చుక్కగా కారే సున్నపు నీళ్లు ఏడాదికింత పేరుకుంటూ వలయాలు కడతాయని పాఠం చెప్పేది నేనే. మీ చిన్నాయన బండల మీద నల్లగా ఫెర్న్ ఆకుల్లాంటి బొమ్మలు కనిపిస్తే అవీ శిలాజాలు కావు, మాంగనీసు పారిన మరకలు. వాటికీ బేరగాళ్లుంటారు.

ఇప్పుడు జాడీ మీది బరువు. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

స్కేలు పక్కన పెట్టి తీశారు, మంచి పని చేశారు. దిమ్మ పొడుగు 7 సెంటీమీటర్లు, వెడల్పు 6. రెండు కొనలూ చదును. ఒక కొనకు బిళ్ల అంచు పళ్లెం అంచులా స్పష్టంగా ఉంది. ఇంకో కొనకు బిళ్ల లేదు, సైకిలు చక్రం ఊచల్లా గీతలున్నాయి. రెండు పక్కలా దిమ్మ ఎత్తుకు సగంలో విరిగిన రెక్కల మొదళ్లు. పక్కటెముక ఆనే గుంటలు లేవు. అంటే పాలిచ్చే జంతువు, పూర్తిగా ఎదగనిది, పక్కటెముకలు దాటాక వచ్చే నడుము పూస. ఇంతవరకు ఫోటో మీదే చెప్పగలను.

పానంధ్రో పేరు వినగానే నాకు గుర్తొచ్చేది తిమింగలం కన్నా ముందు వాసుకి. అదే గనిలో 2005లో శిలాజ శాస్త్రవేత్త సునీల్ బాజ్‌పాయ్‌కి పెద్ద పెద్ద వెన్నుపూసలు దొరికాయి. ఏదో పాతకాలపు మొసలివి అనుకుని చాలా ఏళ్లు పక్కన పెట్టారు. తర్వాత శుభ్రం చేసి చూస్తే పాము. 27 పూసలు, సుమారు 4.7 కోట్ల ఏళ్లవి. పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండొచ్చని లెక్కేసి 2024లో వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు. క్షీరసాగర మథనంలో తాడైన పాము పేరు, లారీలు తిరిగే గనిలో దొరికిన పాముకు! మీ పూసకు గుండు, గుంట లేవు, బిళ్లలున్నాయి. కాబట్టి అది వాసుకి చుట్టం కాదు, మొసలీ కాదు.

కచ్‌లో ఆ కాలపు తిమింగలాలు బాగానే దొరికాయి. 1970లలో అశోక్ సాహ్ని, మిశ్రా కలిసి హరూడి చుట్టుపక్కల దొరికినవాటిని వివరించారు. 2000లో బాజ్‌పాయ్, థెవిసెన్ పేరు పెట్టిన కచ్చిసీటస్ అయితే నీటికుక్క అంత జంతువు. తిమింగలం అనగానే ఓడంత ఊహించుకుంటే కచ్‌లో ఆశాభంగమే. అప్పటికి వాటికి ఇంకా కాళ్లున్నాయి, నేలకూ నీళ్లకూ మధ్య ఊగిసలాడుతున్నాయి. 7 సెంటీమీటర్ల పూస కచ్చిసీటస్‌కు పెద్దదే, కానీ దాని దాయాది రెమింగ్టనోసీటస్ లాంటివాటికి సరిపోతుంది.

తిమింగలమే అని ఇక్కడే ముద్ర వేయకపోవడానికి కారణం సముద్రపు ఆవు, అదే డ్యూగాంగ్ వంశం. అదీ పాలిచ్చేదే, కచ్‌లో దాని పూర్వీకుల ఎముకలూ దొరుకుతాయి. తేడా పట్టడానికి దిమ్మను కొన వైపు నుంచి చూడండి. గుండ్రంగానో కోడిగుడ్డులానో ఉంటే తిమింగలం వైపు మొగ్గు. పేకముక్కల్లో ఆఠీను గుర్తులా, పైన వెడల్పుగా కింద మొనదేలి ఉంటే సముద్రపు ఆవు వైపు మొగ్గు. మీ ఫోటోలో అది నాకు గుండ్రంగానే కనిపిస్తోంది, కానీ కింది అంచు నీడలో పడింది. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఆరు వైపుల నుంచీ మళ్లీ తీసి పంపండి. అబ్బ పెట్టెలో పక్కటెముకల్లాంటివి ఏమైనా ఉన్నాయేమో కూడా వెతకండి. సముద్రపు ఆవు పక్కటెముకలు అరటికాయల్లా లావుగా, లోపల గదులే లేకుండా గట్టిగా ఉంటాయి. ఆ బరువే దాన్ని నీటి అడుగున నిలబెడుతుంది. అలాంటి ముక్క ఒక్కటి దొరికితే సగం సందేహం తీరిపోతుంది. తోక పూసైతే ఇంకా తేలిక. తిమింగలం తోక పూసల్లో రక్తనాళాలు పోయే రంధ్రాలు పైనుంచి కిందకు దిగుతాయి, మీ దానికి అవి లేవు.

ఒక్క పూసను పట్టుకుని తీర్పు చెప్పి దెబ్బతిన్నవాళ్లలో మనం మొదటివాళ్లం కాదు. అమెరికాలోని లూసియానాలో దొరికిన ఒక పెద్ద వెన్నుపూసను చూసి 1834లో రిచర్డ్ హార్లన్ అది బల్లి జాతి జంతువనుకున్నాడు. బల్లుల రాజు అనే అర్థంలో బాసిలోసారస్ అన్నాడు. తర్వాత 1839లో రిచర్డ్ ఓవెన్ పళ్లు చూశాడు. ఒక్కో పంటికి రెండు వేర్లు. బల్లులకు అలా ఉండవు, అది తిమింగలం. అయినా ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి తిమింగలం ఇప్పటికీ బల్లి పేరుతోనే బతుకుతోంది. ఆ ఊళ్లలో జనం ఆ పూసల్ని పొయ్యి దగ్గర దిమ్మలుగా వాడుకున్నారట. మీ జేజి ఒంటరి కాదని చెప్పండి.

చేయాల్సిన పనులు చెప్తాను. లిగ్నైట్‌లో దొరికిన ఎముకల్లో గంధకం కలిసిన ఇనుప ఖనిజం ఉంటుంది. తేమ తగిలితే అది తెల్లగానో పసుపుగానో పొడి రాలి, పుల్లటి ఘాటు వాసనొచ్చి, ఎముకను లోపల్నుంచి పగలగొడుతుంది. మీ దానికి ఇన్నేళ్ల ఊరగాయ ఉప్పు అదనం. కడగొద్దు. మెత్తటి బ్రష్షుతో దులిపి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టండి. వార్నిష్, ఫెవికాల్ ఏవీ పూయొద్దు. గని ఎముకకు అంటుకున్న ఎర్రమట్టిని గీకేయొద్దు, వయసు చెప్పాల్సింది అదే. చిన్నాయనను ఆ పగులు దగ్గరకు తీసుకెళ్లి ఎంత లోతులో దొరికిందో కొలిచి, ఫోను లొకేషన్‌తో సహా రాసిపెట్టండి. ఆ పగులులో ఇంకా మట్టి ఉంటే జేసీబీ పెట్టకుండా నాలుగు రోజులు ఆపగలడేమో అడగండి. ఆయనకు నష్టమని తెలుసు, అయినా అడగండి.

గుజరాతీ పేపరు ముక్క ఉందా? ఉంటే అది ఎముకతో సమానం. దాని మీద తేదీ ఉండొచ్చు, ఊరి పేరు ఉండొచ్చు. అబ్బ ఉంటే ఏ గుంటలో, బొగ్గు పొరలోనా దాని మీది మట్టిలోనా అని ఆయన మాటల్లోనే ఫోన్లో రికార్డు చేయండి. లేకపోతే జేజిని కూర్చోబెట్టుకుని ఆయన చెప్పిన కబుర్లు అడగండి. ఎక్కడ దొరికిందో తెలియని పూస షోకేసులో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

చూపించడానికి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగం మీకు దగ్గర. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. కచ్ పూస విషయంలో రూర్కీ ఐఐటీలో బాజ్‌పాయ్ బృందానికి ఫోటోలు పంపడం సూటి దారి, కచ్ ఎముకలు చేత్తో పట్టుకుని చూసినవాళ్లు వాళ్లే. ఎముకను పోస్టులో పంపొద్దు, ముందు ఫోటోలు చాలు.

ఇక లక్ష రూపాయలాయన. తిమింగలాలు, డ్యూగాంగ్‌లు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఈనాటి తిమింగలం ఎముక అమ్మినా కొన్నా నేరమే. మీది శిలాజమని రేపు పోలీసులకు వివరించుకునే పని మీకెందుకు? పైగా మెడపూసను చూసి తిమింగలం అన్న మనిషి చేతికి ఏ ఎముకా ఇవ్వకండి.

ఊరగాయ జాడీ మీదకు చిన్నాయన గనిలోంచి నాలుగంగుళాల నాపరాయి ముక్క ఒకటి కోయించి జేజికివ్వండి. పాత బరువు మీద బెంగ పెట్టుకుంటే, ఇది ఆ పూస కన్నా ఎన్నో రెట్లు పాతదని చెప్పండి.